ఒక్క జీతం మీద ఇంటి లోను, ఇంటి ఖర్చు నడపడం ఎలా

లోను తీసుకున్న తొలి ఏడాదే ఒక నెల మా ఆయన జీతం పద్దెనిమిది రోజులు ఆలస్యమైంది. ఈఎంఐ 5వ తేదీన కట్ అవుతుంది. 4వ తేదీ రాత్రి పదిన్నరకి మంచం మీద కూర్చుని రెండు ఖాతాల్లోనూ ఎంతుందో చూసుకున్నాం, నా పర్సు బోర్లించాం, పిల్లాడి డిబ్బీ కూడా లెక్కపెట్టాం. అంతా కలిపినా పదహారు వందలు తక్కువ. అంత చిన్న మొత్తం కోసం ఆ వేళప్పుడు ఎవరిని లేపి అడుగుతాం? మర్నాడు ఈఎంఐ బౌన్స్ అయింది. అప్పిచ్చినవాళ్లు ఒక జరిమానా వేశారు, ఖాతా ఉన్న బ్యాంకు ఇంకొకటి వేసింది. ఆ రెండూ కలిపితే మాకు తక్కువ పడ్డదాంట్లో సగం పైనే.

ఆ రాత్రి తర్వాత ఇంటి లెక్క నా చేతిలోకి తీసుకున్నాను. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి జీతం ఆగితే రెండోది ఆదుకుంటుంది. ఒక్క జీతం ఇంటికి ఆ రెండో చెయ్యి లేదు, దాన్ని మనమే కొంచెం కొంచెంగా తయారు చేసుకోవాలి. వడ్డీ తగ్గించుకోవడం, లోను తొందరగా తీర్చేయడం ఆ తర్వాతి సంగతి. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది. దయచేసి వరస మార్చకండి.

లెక్కలకు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ వాడతాను. చేతికొచ్చే జీతం నెలకు 54,000. లోను 20 లక్షలు, గడువు 20 ఏళ్లు, వడ్డీ ఏడాదికి 9 శాతం. దీనికి ఈఎంఐ 17,995 వస్తుంది, 18,000 అనుకుందాం. మీ అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి దామాషా చూసుకోండి.

1. మీ అసలు జీతం ఎంతో రాసుకోండి

ఆఫర్ లెటర్ మీద ఉన్న అంకె పక్కన పెట్టండి. కోతలన్నీ పోయాక ఖాతాలో పడేది చూడండి. గత పన్నెండు నెలల స్టేట్‌మెంట్ తీసి, అందులో అన్నిటికంటే తక్కువ పడ్డ నెల ఏదో గుర్తించండి. మీ బడ్జెట్ ఆ అంకె మీదే కట్టాలి. ఓవర్‌టైమ్, బోనస్, ఇన్సెంటివ్ వస్తే సంతోషం, కానీ వాటిని నమ్ముకుని ఏ నెలసరి ఖర్చూ పెట్టుకోకండి. జీతం కాకుండా చేతి పని మీదో, చిన్న వ్యాపారం మీదో బతికేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఏడాదిలో మూడు అధ్వాన్నపు నెలల సగటు తీసి, అదే మీ జీతం అనుకోండి.

ఇంకా లోను తీసుకోని వాళ్లకు ఒక మాట. ఎంత ఇవ్వగలరో అప్పిచ్చేవాళ్లు చెప్తారు. ఎంత మోయగలరో మీకే తెలుస్తుంది. ఒక్క జీతం ఇంట్లో ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదని నా గట్టి అభిప్రాయం. మా ఉదాహరణ సరిగ్గా ఆ గీత మీద ఉంది: 54,000లో 18,000. సంతకం పెట్టే ముందు నాలుగు నెలల పాటు, రాబోయే ఈఎంఐలో ఇప్పుడు కడుతున్న అద్దె పోగా మిగిలే తేడా మొత్తాన్ని నెల మొదట్లోనే వేరే ఖాతాలోకి తోసేసి మిగిలినదాంతో బతికి చూడండి. బతకగలిగితే మీకు ధైర్యమూ వస్తుంది, చేతిలో నాలుగు నెలల తేడా డబ్బూ ఉంటుంది. కుదరకపోతే నష్టమేమీ లేకుండా ముందే తెలిసిపోతుంది.

2. మూడు నెలలు రాయండి, ఎవరినీ తిట్టకండి

ఖర్చు తగ్గించే ముందు ఖర్చేంటో తెలియాలి. ఒక నోటుబుక్కు, దానికి కట్టిన పెన్ను, వంటింట్లో కంటికి కనబడే చోట. ఫోన్‌లో రాసుకునేవాళ్లు ఫోన్‌లోనే రాసుకోండి, మాకైతే పుస్తకమే పనికొచ్చింది. ఎందుకంటే అది ఇంట్లో అందరికీ కనబడుతుంది. తేదీ, దేనికి, ఎంత. అంతే. మొదటి నెలలో "ఇదెందుకు కొన్నావు" అని ఒక్క మాట కూడా అనుకోవద్దని ముందే ఒప్పందం చేసుకోండి. అలా అన్న మరుక్షణం నుంచి పుస్తకంలో అబద్ధాలు మొదలవుతాయి.

మూడు నెలలు అయ్యాక పేజీలు తిరగేస్తే పెద్ద ఖర్చులు మిమ్మల్ని ఆశ్చర్యపరచవు, అవి మీకు తెలిసినవే. మా పుస్తకంలో నన్ను ఆపేసింది ఒక చిన్న గీత. మేం వాడడం మానేసిన ఒక నెలసరి చందా, కార్డు నుంచి దానంతటదే పోతోంది. పదకొండు నెలలుగా. ఒక నెలకు లెక్కలోకి రానంత చిన్నది, కలిపితే ఆ రాత్రి తక్కువ పడ్డ పదహారు వందలకు రెట్టింపు కన్నా ఎక్కువ. మీరూ ముందుగా ఇలా అడగకుండానే పోయేవాటిని పట్టుకోండి. వాటిని ఆపితే ఇంట్లో ఎవరూ ఏదీ కోల్పోయినట్టు ఉండదు.

3. ఏడాదికోసారి వచ్చే ఖర్చుని పన్నెండుతో భాగించండి

ఒక్క జీతం బడ్జెట్లు ఎక్కువగా ఇక్కడే కూలిపోతాయి. నెలసరి లెక్క చక్కగా ఉంటుంది. స్కూలు ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంటి పన్ను, బండి సర్వీసింగు, బట్టలు, ఊరి ప్రయాణాలు, ఒకరి ఇంట్లో వేడుక... ఇవి వచ్చిన నెల కార్డు గీకుతాం. ఆ కార్డు బాకీ తర్వాతి మూడు నెలల్నీ తినేస్తుంది. అది తీరేలోపు ఇంకోటి వస్తుంది. ఇవి అనుకోని ఖర్చులని మనం సర్దిచెప్పుకుంటాం కానీ, స్కూలు ప్రతి ఏడాదీ తెరుస్తారని మనకు ముందే తెలుసు కదా.

ఒక కాగితం మీద పన్నెండు నెలల పేర్లు రాయండి. పాత స్టేట్‌మెంట్లు చూస్తూ ఏ నెలలో ఏ పెద్ద ఖర్చు పడిందో దాని ఎదురుగా వేయండి. సొంతిల్లు కాబట్టి ఒక అదనపు గీత వేసుకోవాలి: మరమ్మతులు. అద్దె ఇంట్లో మోటారు కాలిపోతే ఓనరు చూసుకునేవాడు, ఇప్పుడు ఓనరు మీరే. ఇంటి విలువలో ఏడాదికి ఒక శాతం మరమ్మతులకు పక్కన పెట్టాలని ఒక లెక్క ప్రచారంలో ఉంది. కొత్త ఇంటికి అంత పట్టకపోవచ్చు, పాతదానికి అది కూడా చాలకపోవచ్చు. మొదటి ఏడాది వీలైనంత పెట్టండి, కానీ సున్నా పెట్టకండి.

మా ఉదాహరణలో ఇవన్నీ కలిపి ఏడాదికి 72,000 అనుకుందాం. నెలకు 6,000. ఈ 6,000 ఇక నుంచి మీ డబ్బు కాదు, వచ్చే జూన్‌దీ వచ్చే నవంబర్‌దీ.

4. డబ్బుని మూడు చోట్ల ఉంచండి

ఒకే ఖాతాలో అన్నీ ఉంటే ఈఎంఐ డబ్బూ కూరగాయల డబ్బూ ఒకేలా కనబడతాయి. అందుకని మూడు ఖాతాలు.

మొదటిది ఈఎంఐ ఖాతా. ఇందులోంచి ఈఎంఐ తప్ప ఇంకేదీ పోకూడదు. దీనికి కార్డు తీసుకోకండి, వస్తే ఇంట్లో పెట్టి మర్చిపోండి. ఇందులో ఎప్పుడూ ఒక ఈఎంఐ ఎక్కువగా ఉండాలి. ఆ నెలది కట్ అయ్యాక కూడా 18,000 అలాగే కనబడాలి. మాకు ఆ రాత్రి ఇది ఉండి ఉంటే హాయిగా నిద్రపోయేవాళ్లం.

రెండోది ఏడాది ఖర్చుల ఖాతా, మూడో మెట్టులో చెప్పిన 6,000 వెళ్లేది. మీ భద్రత డబ్బు (జీతం రాని నెల కోసం దాచేది, ఐదో మెట్టులో చెప్తాను) కూడా మొదట్లో ఇందులోనే పెట్టుకోవచ్చు, కానీ పుస్తకంలో రెంటికీ వేరువేరు లెక్క రాయండి. మూడోది ఇల్లు నడిచే ఖాతా.

జీతం పడ్డ రోజే, వీలైతే అదే గంటలో, మొదటి రెండు ఖాతాలకూ డబ్బు వెళ్లిపోవాలి. నెలాఖరున మిగిలింది దాద్దామనుకుంటే మిగలదు, ఎవరికీ మిగలదు. ఇంకో చిన్న సంగతి: ఈఎంఐ తేదీని జీతం తేదీకి నాలుగైదు రోజుల తర్వాతకి పెట్టించుకోండి. చాలాచోట్ల అడిగితే మారుస్తారు. జీతం నెలాఖరున వచ్చి ఈఎంఐ 20న ఉంటే, ఆ ఇరవై రోజులూ ఆ డబ్బు మిమ్మల్ని పిలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఇల్లు నడిపే డబ్బు ఎంతో చూద్దాం. 54,000లో ఈఎంఐ 18,000 పోతే 36,000. ఏడాది ఖర్చులకు 6,000 పోతే 30,000. భద్రత డబ్బుకి 4,000 తీస్తే 26,000. ఇందులో కరెంటు, గ్యాసు, ఫోను, ఇంటర్నెట్, ట్యూషన్ లాంటి తప్పనిసరి బిల్లులకు 8,000 అనుకుంటే మిగిలేది 18,000. దాన్ని నెలంతటికీ కలిపి ఉంచితే మొదటి పది రోజుల్లోనే సగం దాటిపోతుంది. వారాలుగా విడగొట్టండి: వారానికి 4,000 చొప్పున నాలుగు వారాలకు 16,000. మిగిలిన 2,000 మాత్రం 29, 30, 31 తేదీలవి. ఈ మూడు రోజుల్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. నాలుగు వారాలంటే 28 రోజులే. నెలాఖరున ప్రతిసారీ కటకట ఎందుకొస్తోందో నాకు ఏడాది పాటు అంతుపట్టలేదు, కారణం ఈ మూడు రోజులే.

వారం డబ్బు సోమవారం నాడు తీసుకోండి. శని, ఆదివారాలకు ముందు తీసుకున్న డబ్బు ఆదివారం సాయంత్రానికే సగమవుతుంది.

5. జీతం రాని నెల కోసం

నెలకు తీసిన ఆ 4,000 ఎక్కడికి వెళ్తుందో ఇప్పుడు చెప్తాను. మొదటి గురి ఈఎంఐ ఖాతాలో ఉండాల్సిన ఆ ఒక్క అదనపు ఈఎంఐ. నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. అక్కడికి చేరగానే జీతం ఆలస్యం అనే భయం పోతుంది.

రెండో గురి మూడు నెలల కనీస ఖర్చు (కార్డు బాకీలుంటే ముందు అవి తీర్చాకే, ఆరో మెట్టు చూడండి). కనీస ఖర్చంటే ఇప్పుడు పెడుతున్నది కాదు, జీతం ఆగితే ఎంతకి కుదించుకోగలరో అది. ఈఎంఐ 18,000, ఇంటికి బిగబట్టుకుంటే 20,000, మొత్తం 38,000. మూడు నెలలకు 1,14,000. నెలకు 4,000 చొప్పున దానికి రెండేళ్ల పైన పడుతుంది. చాలా ఎక్కువ కాలం అనిపిస్తుంది, నిజమే. అందుకే బోనస్, పన్ను వాపసు, అనుకోకుండా వచ్చిన ఏ డబ్బయినా ముందు ఇక్కడికే రావాలి. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా ఆరు నెలలదాకా పెంచుకుంటూ పోవాలి. ఒక్క జీతం ఇంటికి మూడు నెలలది సరిపోదు, కొత్త ఉద్యోగం దొరకడానికి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు.

ఈ డబ్బుని షేర్లలో పెట్టకండి, ఎవరికీ చేబదులు ఇవ్వకండి, లాకింగ్ ఉన్న, అంటే కొన్నాళ్లు డబ్బు తీయనివ్వని పథకాల్లో వేయకండి. రెండు రోజుల్లో చేతికి రావాలి, అదే దాని పని. మీ లోను ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో ఉంటే ఈ డబ్బుని ఆ ఖాతాలోనే ఉంచుకోవచ్చు. ఉన్నన్నాళ్లూ ఆ మేరకు వడ్డీ పడదు, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు. ఇలాంటి ఖాతా ఉందా అని అడిగి, దానికి వడ్డీ రేటు ఏమైనా ఎక్కువ వేస్తున్నారేమో చూసి నిర్ణయించుకోండి.

ఇదే సమయంలో ఇంకో పని: సంపాదించే మనిషి మీద టర్మ్ ఇన్సూరెన్స్, అంటే గడువులోపు ఆ మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే పాలసీ. దీన్ని వాయిదా వేయకండి. లోను బాకీ, దానికి కనీసం పదేళ్ల ఇంటి ఖర్చు కలిపితే ఎంతవుతుందో అంతకు తీసుకోండి. లోను ఇచ్చేటప్పుడు దానితోపాటే అంటగట్టే పాలసీలో సాధారణంగా కవరు (బీమా మొత్తం) లోను బాకీతో పాటే తగ్గిపోతూ ఉంటుంది, డబ్బు ముందు అప్పిచ్చినవాళ్లకే వెళ్తుంది. పైగా ఆ ప్రీమియాన్ని లోనులో కలిపేస్తారు. 60,000 ప్రీమియం కలిపితే, 9 శాతం మీద 20 ఏళ్లలో దానికి మీరు కట్టేది 1,29,000 పైన. విడిగా తీసుకున్న టర్మ్ పాలసీ డబ్బు మీ ఇంటికి వస్తుంది, లోను తీర్చాలా, కొన్నాళ్లు ఇల్లు నడుపుకోవాలా అన్నది మీ చేతిలో ఉంటుంది. మనిషి బతికే ఉండి పని చేయలేని స్థితి వస్తే డబ్బిచ్చే కవరు ఉందేమో కూడా అడగండి. ఒక్క జీతం ఇంటికి మరణమంత పెద్ద దెబ్బ అది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఆరోగ్య బీమా సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

6. పెద్ద వడ్డీ బాకీలు ముందు

కార్డు బాకీ ఉంటే లోనుకి అదనంగా ఒక్క పైసా కట్టకండి. నెలకు 3 శాతం వడ్డీ వినడానికి చిన్నగా ఉంటుంది, వడ్డీ మీద వడ్డీ కలిస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇంటి లోను 9 శాతం దాని ముందు ఏపాటి? ఒక ఈఎంఐ అదనంగా పోగయ్యాక, మూడు నెలల భద్రత డబ్బు వైపు వెళ్లే ముందు, ఈ బాకీల్ని కడిగేయండి.

7. లోను పట్టికని ఒకసారి కూర్చుని చదవండి

అప్పిచ్చినవాళ్లను వాయిదాల పట్టిక అడగండి. 240 గీతలు ఉంటాయి. ప్రతి గీతలో ఈఎంఐ ఒకటే, అందులో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది మారుతూ పోతుంది. మొదటి గీత చదవండి: 17,995 కడితే 15,000 వడ్డీకి, 2,995 అసలుకి. నేను మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకుని వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లాను. అసలు వాటా వడ్డీ వాటాని దాటేది 149వ గీతలో. అంటే పదమూడో ఏడాదిలో. ఐదేళ్లు కట్టాక చూస్తే మీరు కట్టింది దాదాపు 10.80 లక్షలు, బాకీ తగ్గింది మాత్రం 2.26 లక్షలు. పదేళ్లకు, అంటే సగం గడువు అయిపోయినా, ఇంకా 14.20 లక్షలు ఉంటుంది.

ఇందులో మోసం ఏమీ లేదు. మిగిలి ఉన్న బాకీ మీద నెలనెలా వడ్డీ లెక్క కడతారు, మొదట్లో బాకీ పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది. ఇది అర్థమైతే ఇంకోటి కూడా అర్థమవుతుంది: అదనంగా కట్టే డబ్బుకి మొదటి ఏళ్లలోనే విలువ ఎక్కువ.

ఒక లక్ష రూపాయలు రెండేళ్ల చివర అదనంగా కట్టి ఈఎంఐ మార్చకుండా ఉంచితే, లోను 25 నెలలు ముందే తీరుతుంది, దాదాపు 3.58 లక్షల వడ్డీ తప్పుతుంది. పదిహేనేళ్ల చివర కడితే తప్పేది సుమారు 52,000. పెద్ద మొత్తం లేనివాళ్లకు చిన్నదీ పనిచేస్తుంది. మొదటి నెల నుంచీ ఈఎంఐకి తోడు 1,000 కట్టగలిగితే 240 నెలల లోను 209 నెలలకు తీరుతుంది, మొత్తం మీద మూడున్నర లక్షలు మిగులుతుంది.

అదనంగా కట్టిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా? రెండేళ్ల చివర కట్టిన ఆ లక్షకే ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 936 తగ్గుతుంది, మొత్తం వడ్డీలో తప్పేది లక్షకు కాస్త పైన. గడువు తగ్గిస్తే 3.58 లక్షలు. లెక్క చూస్తే గడువే తగ్గించాలి. కానీ మీ ఈఎంఐ జీతంలో నలభై శాతం దాకా ఉండి ప్రతి నెలా ఊపిరాడకపోతే, ముందు ఈఎంఐ తగ్గించుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నెల గడవడమే ముందు. కట్టేటప్పుడు ఏది కావాలో రాతలో ఇవ్వండి, మరుసటి నెల పట్టిక మళ్లీ అడిగి చూసుకోండి. అదనపు చెల్లింపుకి రుసుము ఉందా, ఏడాదికి ఎన్నిసార్లు కట్టనిస్తారు అన్నది ఒప్పంద పత్రంలో ఉంటుంది.

ఐదో మెట్టు పూర్తికాకుండా ఇక్కడికి రాకండి అని మళ్లీ చెప్తున్నాను. లోనులోకి వెళ్లిన లక్ష మామూలు లోనుల్లో వెనక్కి రాదు. మాకు తెలిసిన ఒకాయన దాచిందంతా ఉత్సాహంగా లోనుకి కట్టేశాడు. నాలుగు నెలలకి ఉద్యోగం పోయింది. "ముందే లక్షన్నర కట్టాను కదా, ఈ నెల ఆగండి" అంటే ఒప్పుకోలేదు. ఈఎంఐ ఈఎంఐయే.

8. వడ్డీ మారినప్పుడు ఉత్తరం తెరిచి చదవండి

ఫ్లోటింగ్ రేటు లోనులో, అంటే వడ్డీ మధ్యలో మారే లోనులో, వడ్డీ పెరిగితే చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి గడువు పొడిగిస్తారు. ఖాతాలోంచి పోయే మొత్తం మారదు కాబట్టి మనం గమనించం. 9 నుంచి 10 శాతం అయిందనుకోండి. లోను కొత్తగా ఉన్నప్పుడే ఈ మార్పు వస్తే, అదే ఈఎంఐ మీద 20 ఏళ్లది 26 ఏళ్లు దాటుతుంది. 10.8 శాతానికి వెళ్తే నెల వడ్డీయే 18,000 అవుతుంది, 17,995 కడుతున్నా బాకీ పెరుగుతూ పోతుంది. గడువు మార్చకుండా 10 శాతానికి సరిపడా కట్టాలంటే ఈఎంఐ 19,300. తేడా దాదాపు 1,305. అది భరించగలిగితే ఈఎంఐ పెంచమని మీరే అడగండి. పూర్తిగా కుదరకపోతే సగమైనా పెంచుకోండి.

వడ్డీ తగ్గినప్పుడు మాత్రం ఈఎంఐ తగ్గించుకోకండి. అదే కడుతూ పోతే గడువు దానంతటదే తగ్గుతుంది.

కొత్తగా లోను తీసుకునేవాళ్లకు మీకన్నా తక్కువ వడ్డీకి ఇస్తున్నారని తెలిస్తే, ముందు మీకు లోను ఇచ్చినవాళ్లనే తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. వేరే చోటికి మార్చుకోవాలనుకుంటే ఖర్చంతా కలిపి లెక్కేయండి. బాకీ 19 లక్షలు, అర శాతం తేడా అంటే మొదటి ఏడాది మిగిలేది 9,500. మార్చుకోవడానికి అన్ని రుసుములూ కలిపి 25,000 అయితే, అది తిరిగి రావడానికే రెండున్నరేళ్లు దాటుతుంది. మారేటప్పుడు గడువు మళ్లీ 20 ఏళ్లకు సాగదీయనివ్వకండి. తగ్గిన వడ్డీ అక్కడికక్కడే పోతుంది.

9. చెడ్డ నెల వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

ఈఎంఐ తప్పుతుందని తెలిసిన రోజే అప్పిచ్చినవాళ్లకు చెప్పండి. తప్పాక చెప్పడం వేరు, తప్పకముందు చెప్పడం వేరు. కారణం, ఎన్ని నెలలు, మీరు ఎంత కట్టగలరు అన్నవి ఒక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. గడువు పెంచి ఈఎంఐ తగ్గించడం, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కట్టడం, కొన్ని నెలలు వాయిదా వేయడం లాంటివి అడగొచ్చు. వాయిదా అడిగే ముందు దాని ఖరీదు తెలుసుకోండి. మా ఉదాహరణలో రెండేళ్లు కట్టాక మూడు ఈఎంఐలు వాయిదా వేస్తే, ఆ వడ్డీ అసలుకి కలిసి, చివరికి మొత్తం మీద దాదాపు 13 ఈఎంఐలు ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఇల్లు నిలబెట్టుకోవడానికి అదే దారి అయితే తీసుకోండి. జీతం మళ్లీ మొదలవగానే ఆ మూడు నెలల మొత్తాన్ని అదనపు చెల్లింపుగా కట్టేస్తే చాలావరకు సరిపోతుంది.

చేతిలో ఉన్న కొద్ది డబ్బు ఎటు వెళ్లాలంటే: తిండి, మందులు, కరెంటు, ఈఎంఐ, ఇన్సూరెన్స్ ప్రీమియం, పిల్లల చదువు. ఫోన్ చేసి గట్టిగా అరిచేవాళ్లకు ముందు కట్టాలనిపిస్తుంది. అరుపుని బట్టి కట్టకండి, ఏది ఆగితే ఇంటికి ఎక్కువ దెబ్బో దాన్ని బట్టి కట్టండి. ఈఎంఐ కోసం కార్డు మీద నగదు తీయడం, ఐదు నిమిషాల్లో లోను ఇస్తామనే యాప్‌లకు వెళ్లడం మాత్రం చేయకండి. ఇంట్లో బంగారం ఉంటే దాన్ని కుదవపెట్టడం వాటికన్నా చాలా నయం.

10. ఇద్దరికీ తెలిసి ఉండాలి

జీతం తెచ్చే మనిషి ఒకరు, ఇల్లు నడిపే మనిషి ఇంకొకరు అయినప్పుడు డబ్బు గురించి ఒక చిత్రమైన మౌనం ఏర్పడుతుంది. తెచ్చేవాళ్లకు ధరలు తెలియవు, నడిపేవాళ్లకు లోను బాకీ ఎంతో తెలియదు. మేం నెలలో మొదటి ఆదివారం పొద్దున్న అరగంట కూర్చుంటాం. పుస్తకం, మూడు ఖాతాల నిల్వలు, లోను బాకీ. ఈ నెల ఏం కొనకూడదు అన్నదానికంటే, ఈ నెల ఏం కొనుక్కుందాం అన్నది ముందు మాట్లాడుకుంటాం. ఇద్దరికీ లెక్క చెప్పక్కర్లేని చిన్న మొత్తం ఒకటి ఉంటుంది, ఎంత చిన్నదైనా సరే. అది లేని బడ్జెట్ మూడో నెలకి తెగిపోతుంది.

పిల్లలకు కూడా వాళ్ల వయసుకి తగినట్టు చెప్పండి. మా వాడికి ఎనిమిదేళ్లప్పుడు గోడ మీద ఇల్లు బొమ్మ గీసి, ఇటుకలుగా గళ్లు పెట్టాం. అసలు పది వేలు తగ్గినప్పుడల్లా ఒక గడికి రంగు వేసేవాడు. మొదటి ఏడాది నాలుగు గళ్లే వేయగలిగాడు. మళ్లీ ఏడాది బోనస్ లోనుకి కట్టిన రోజు ఒకేసారి మూడు గళ్లు వేసుకుని, రంగు చేతులతో వీధిలోకి పరిగెత్తాడు.

ఒక ఫైలులో లోను ఒప్పందం, ఖాతా నంబర్లు, పాలసీ కాగితాలు, నామినీ వివరాలు పెట్టి, అది ఏ అరలో ఉందో ఇద్దరికీ తెలిసేలా చూడండి. ఖాతాలు వీలైతే ఇద్దరి పేరు మీదా ఉంచండి.

11. చివరి ఈఎంఐ తర్వాత

చివరి వాయిదా కట్ అయ్యాక పని అయిపోలేదు. బాకీ ఏమీ లేదన్న పత్రం రాతలో తీసుకోండి. తనఖా పెట్టిన ఒరిజినల్ దస్తావేజులు, లోను ఇచ్చినప్పుడు రాసిచ్చిన జాబితాతో పోల్చి ఒక్కొక్కటీ, పేజీల లెక్కతో సహా సరిచూసుకుని వెనక్కి తీసుకోండి. ఇంటి రికార్డులో తనఖా నమోదై ఉంటే దాన్ని తీసేయించాలి, లేకపోతే రేపు ఇల్లు అమ్మేటప్పుడో పిల్లల పేరు మీద రాసేటప్పుడో అడ్డు పడుతుంది. ఒకటి రెండు నెలలాగి మీ క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర ఉండే నివేదిక) లోను ముగిసినట్టు చూపిస్తోందో లేదో చూడండి. ఈఎంఐ ఖాతా నుంచి డబ్బు లాక్కునే అనుమతిని రద్దు చేయించండి. జీతం పడ్డ రోజున ఆ ఖాతాకి వెళ్లే 18,000ని మాత్రం ఒక నెల కూడా ఆపకండి, అది ఇక మీ పేరు మీదే పోగవుతుంది.